ఎత్తుకోని పిన్ని

మొన్న విశాఖపట్నంలో బంధువుల పెళ్ళికి వెళ్ళాను. అక్షింతలు వెయ్యడానికి వేదిక దాకా నడిచి, మెట్లెక్కే ముందు కాస్త ఊపిరి తీసుకుందామని అక్కడున్న కుర్చీలో కూర్చున్నాను. ఇంతలో ఇద్దరు కుర్రాళ్ళు నవ్వుతూ వచ్చారు. "మీరు లేవకండి ఆంటీ, మేమున్నాం కదా" అంటూనే కుర్చీతో సహా నన్ను పైకి లేపేశారు. వద్దు అనే మాట నా నోట్లోనే ఉండిపోయింది. వీడియో తీసే అబ్బాయి లైటు నా మీదికి తిప్పాడు. కాళ్ళు గాల్లో వేలాడుతూ, పట్టుచీర కుచ్చెళ్ళు పైకి జరిగి బూట్లూ ఇనపకడ్డీలూ బయటపడుతుంటే, రెండు చేతులతో చీర లాక్కుంటూ అంతమంది ముందు ఊరేగాను. "ఎంత మంచి పిల్లలో!" అంది ఎవరో ఆవిడ. నిజమే, మంచి పిల్లలే. నా చెవులు మాత్రం మండిపోయాయి. అరవైకి దగ్గరపడ్డా ఆ మంట తగ్గలేదు. పదేళ్ళప్పుడు భిలాయిలో ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది.

తిరుగు ప్రయాణంలో దారంతా పిన్ని గుర్తొస్తూనే ఉంది.

మా నాన్న ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. ముందు జామచెట్టు, వెనక పెరడు ఉన్న క్వార్టరు మాది. ఇంట్లో పనులన్నీ షిఫ్టు సైరను ప్రకారమే జరిగేవి. గాలి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వైపు నుంచి వీచిన రోజున పోపు వాసన కూడా తెలిసేది కాదు. అమ్మ ఆరేసిన వడియాల మీద నల్లటి నలుసులు పడేవి. "మీ నాన్న పనిచేసే ప్లాంటే మనింటికి మిరియాలు పంపింది" అని మామ్మ వాటిని గోటితో ఏరుతూ గొణిగేది. మామ్మ అంటే నాన్న తల్లి. ప్లాంటు కొలిమిలోని ఎర్రగా కాలిన మడ్డి పారబోసినప్పుడల్లా చీకటిపడ్డాక కూడా ఆకాశం కాసేపు ఎర్రబడేది. ప్రపంచంలో ఎక్కడైనా రోజుకి రెండుసార్లు పొద్దు కుంకుతుందని నేను చాలాకాలం నమ్మాను. చూడ్డానికి ఎక్కడికైనా వెళ్తే కదా!

రెండేళ్ళప్పుడు నాకు జ్వరమొచ్చి తగ్గిందట. జ్వరంతో పాటే కాళ్ళలో బలమూ పోయింది. అప్పటినుంచి అమ్మ చంకలోనే పెరిగాను. మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి స్నానాలగదికి, పెరటి చివరనున్న పాయిఖానాకి, ఎక్కడికైనా అమ్మే ఎత్తుకునేది. మూడో తరగతి దాకా బడికీ అలాగే వెళ్ళాను. నాలుగో తరగతి పైఅంతస్తులో పెట్టారు. చదువు అక్కడితో ఆగింది. నాకు ఒంటికి వెళ్ళాలంటే అమ్మని కేకెయ్యాలి. ఇంట్లో ఎవరైనా మగవాళ్ళు ఉంటే ఆ కేక గొంతులోంచి వచ్చేది కాదు. అందుకని మధ్యాహ్నం దాటాక మంచినీళ్ళు తాగడం మానేసేదాన్ని. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. నాన్న స్నేహితులు వస్తున్నారంటే నన్ను లోపలి గదిలోకి మార్చేవాళ్ళు. దాచడానికి కాదు. వాళ్ళు అడుగుతారు, మేము చెప్పాలి, అందరికీ ఇబ్బంది. తలుపు సందులోంచి కారప్పూస వాసనా, నవ్వులూ వచ్చేవి.

నడవడానికి ఆస్పత్రివాళ్ళు నాకు కాలిపర్లు చేయించి ఇచ్చారు. కాలికి రెండు పక్కలా ఉక్కుకడ్డీలు, తోలుపట్టీలు, అడుగున బరువైన బూట్లు. వాటితో పాటు రెండు చేతికర్రలు. తొడిగిన మొదటిరోజే పడ్డాను, గడ్డం చిట్లింది. ఆ రోజు అమ్మ ఏడ్చిన ఏడుపు చూసి ఇంకెవరూ వాటి మాటెత్తలేదు. పాత దుప్పట్లో చుట్టి అల్మారా మీద పెట్టేశారు.

నాకు పదేళ్ళప్పుడు, వేసవిలో మా బాబాయికి పెళ్ళయ్యింది. బాబాయికి భిలాయి దగ్గర నందినిలో సున్నపురాయి గనుల్లో ఉద్యోగం. అక్కడ క్వార్టరు దొరికేదాకా కొత్తదంపతులు మా ఇంట్లోనే ఉన్నారు. పిన్నిది పలాస దగ్గర ఊరు. పెట్టెలో బట్టలకంటే జీడిపప్పూ మామిడితాండ్రా ఎక్కువ తెచ్చింది. మధ్యాహ్నం మామ్మ కునుకు తీస్తుంటే మేమిద్దరం తాండ్ర కోసుకుని, ఉప్పూకారం అద్దుకుని చప్పుడు కాకుండా తినేవాళ్ళం. ఆ కారానికి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, నవ్వు ఆపుకోలేక మామ్మని లేపేవాళ్ళం. పిన్ని వచ్చిన వారానికే ఆమె నాకు ప్రాణమైపోయింది.

అందుకే ఆ రోజు అంత కోపం వచ్చింది.

అమ్మ వంటింట్లో ఉంది. "చెల్లీ, దాన్ని కాస్త నీళ్ళగదికి ఎత్తుకెళ్ళవా?" అని కేకేసింది. పిన్ని నా దగ్గరికి వచ్చి, ఎత్తుకోకుండా నా మంచం ముందు గొంతుక్కూచుంది.

"అమ్మీ, నువ్వు పాకగలవా?"

"పాకుతాను."

"అయితే పాకిరా. నీళ్ళు తోడి పెడతాను."

మంచం దిగి పాకాను. వసారా దాటేటప్పటికి మామ్మ చూసింది. "ఏటే ఇది? కుక్కపిల్లలాగ పిల్లని నేలమీద ఈడిపిస్తన్నావా? నీకు చేతుల్లేవేటి?" అని పిన్ని మీద విరుచుకుపడింది. ఆ మాటతో నాకు పాకుతున్నానన్న సంగతి గుర్తొచ్చి ప్రాణం చచ్చిపోయింది. పిన్ని మాత్రం నేను నీళ్ళగదిలోకి చేరాక తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. లోపల ఒక్కదాన్నే. నా కాళ్ళకి నేను సబ్బు రుద్దుకోవడం అదే మొదలు. అంతవరకూ అవి అమ్మ తోమే కాళ్ళు. చల్లగా, సన్నగా, వేరే ఎవరివో కాళ్ళలాగ ఉన్నాయి. ఏడుస్తూనే తోముకున్నాను.

ఆ తరవాత రోజూ అంతే. అమ్మ ఎత్తుకోబోతే పిన్ని ఊరుకునేది. అమ్మ పనిలో ఉంటే మాత్రం నన్నే రమ్మనేది. ఒకనాడు అల్మారా మీంచి కాలిపర్లు దింపింది. బాబాయి చేత సుపేలా బజార్లో చెప్పులు కుట్టేవాడి దగ్గర పట్టీలు మార్పించింది. కడ్డీలు పొడుగు చేయించింది. అమ్మా మామ్మా లేని సమయం చూసి పెరట్లో నన్ను నిలబెట్టేది.

"ముందు లేవడం నేర్చుకో. పడడం ఎలాగూ వస్తుంది" అనేది.

లేవడమంటే మాటలు కాదు. బోర్లా తిరగాలి, కడ్డీలు బిగించుకోవాలి, రెండు చేతులూ నేలకి ఆనించి నడుం పైకెత్తాలి, ఆ తరవాత ఒక్కొక్క కర్రా అందుకోవాలి. చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉంటుందో నాకు తెలుసు. పిన్ని గోడకానుకుని చూసేది తప్ప చెయ్యి అందించేది కాదు. ఒకసారి మోచెయ్యి దోక్కుపోయి రక్తం వచ్చింది. "నీకు నేనంటే ఇష్టం లేదు. మామ్మ చెప్పింది, నీది రాతిగుండె" అని అరిచాను.

ఆవిడ నా పక్కన మట్టిలో కూచుంది. వాళ్ళ తమ్ముడి సంగతి చెప్పింది. అతనికి పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదట.

"మా అమ్మ వాడికి అన్నం కలిపి ముద్దలు పెట్టీది. అమ్మ పోయాక నేను పెట్టీదాన్ని. పద్నాలుగేళ్ళొచ్చినా వాడి చెయ్యి కంచంలో పడనివ్వలేదు. ఓసారి నాకు జబ్బుచేసి ఆస్పత్రిలో ఉన్నాను. మా నాన్న వాడి ముందు కంచం పెట్టి పనికెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి చూస్తే వాడు ఇంకా కంచం ముందరే కూచునున్నాడట. అన్నం ఎండిపోయింది. ఆకలికి ఏడిచేడిచి గొంతు పోయింది. చెయ్యి పెట్టి తినొచ్చని వాడికి తెలీదే అమ్మీ. తెలీనివ్వలేదు మేము." పిన్ని మొహం పక్కకి తిప్పుకుంది. "ఊళ్ళో అందరూ నన్ను తమ్ముడికి తల్లిలాంటి అప్ప అనీవోరు. నాకు మాత్రం ఆ కంచం తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు."

నేను బోర్లా తిరిగి మళ్ళీ లేవడం మొదలుపెట్టాను.

వానలు పడ్డాక ఆ తమ్ముడే వచ్చాడు. వాళ్ళ నాన్న తీసుకొచ్చి దింపి వెళ్ళాడు. నాకు వరసకి మావయ్య. ఇరవై ఏళ్ళకి దగ్గర, బొద్దుగా, ఎప్పుడూ తడిసినట్టుండే జుట్టు. తింటుంటే కొంత కంచంలో, కొంత చొక్కామీద. మామ్మ మొహం చిట్లించుకుని కంచం పట్టుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయేది. అతను పట్టించుకునేవాడు కాదు. చివర్న వేళ్ళు నాక్కుని, "అప్పా, నేనే తినీసాను" అని పిన్నికి ఖాళీ కంచం చూపించేవాడు. నన్ను పాపా అనేవాడు. నా కాలిపర్లు చూసి ఒక్క ప్రశ్నా వెయ్యని మనిషి ఆ ఊళ్ళో అతనొక్కడే. బూట్ల చప్పుడు అతనికి నచ్చింది. "టకటక వస్తంది" అనేవాడు.

శ్రావణ శుక్రవారం అమ్మా మామ్మా పక్క వీధిలో పేరంటానికి వెళ్ళారు. పిన్ని మా ఇద్దర్నీ గుమ్మంలో నిలబెట్టింది. "మార్కెట్టుకెళ్ళి కొత్తిమీర పట్రండి. మాట్లాడడం నువ్వు, మొయ్యడం వాడు" అంది. మార్కెట్టు వీధి చివరే.  ఆ వీధిలో నేనెప్పుడూ అమ్మ భుజం మీంచి వెనక్కి చూస్తూనే వెళ్ళాను. ఎదురుగా చూస్తూ వెళ్ళడం అదే మొదటిసారి. నాకంటే ముందు నా చప్పుడు వెళ్తోంది. గేట్ల దగ్గర పిల్లలు ఆట ఆపి చూశారు. తల దించుకుని బూట్లనే చూసుకుంటూ నడిచాను. కొత్తిమీర కొన్నాం. కూరగాయలమ్మే ఆవిడతో హిందీలో నేనే మాట్లాడాను. మావయ్య కొత్తిమీర కట్టని రెండు చేతులతో పసిబిడ్డలాగ పట్టుకున్నాడు.

వెనక్కి తిరిగాక, కుళ్ళిన క్యాబేజీ ఆకు మీద కర్ర జారింది. బురదలో బోర్లా పడ్డాను. దెబ్బ తగల్లేదు. ఎలా లేవాలో వచ్చు కనుక కడ్డీలు బిగించుకుని, చేతులు ఆనించి నడుం ఎత్తాను. అంతలో జనం మూగారు. "అరే, బచ్చీ గిర్ గయీ! ఉఠావ్, ఉఠావ్!" పిల్ల పడింది, లేపండంటూ నలుగురైదుగురి చేతులు నా చంకల కింద, నడుం కింద దూరాయి. గౌను పైకి పోయింది. ఎవరో నన్ను మూటలాగ తీసుకెళ్ళి కల్వర్టు గోడ మీద కూచోబెట్టారు. ఒకతను మావయ్య కాలరు పట్టుకుని, "నువ్వే తోశావా?" అని హిందీలో గద్దించాడు. మావయ్యకి హిందీ రాదు. నవ్వుతూ నిలబడ్డాడు.  నేను గట్టిగా అరిచేశాను.

"ఛోడ్ దో! మేరే మామా హై! నేనే పడ్డాను!"

అతను కాలరు వదిలేశాడు. అప్పుడే చేతిసంచీతో ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. కళ్ళలో ఎంతో దయ. "ఖుష్ రహో బేటీ" అని దీవించి, నా అరచేతిలో ఒక నాణెం పెట్టి, తల నిమిరి వెళ్ళిపోయాడు.

అదేమిటో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళంతా మంటెత్తింది. అమ్మ కుట్టిన గౌను, జడలకి రిబ్బన్లు, ఇంజనీరుగారమ్మాయిని. విసిరెయ్యాలన్నా వేళ్ళు విచ్చుకోలేదు. మావయ్య వచ్చి ఒక్కొక్క వేలూ విప్పి ఆ నాణెం తీసుకున్నాడు. ఆ పెద్దాయన వెనక పరుగెత్తాడు. "బాబూ! బాబూ! నీ డబ్బులు పడిపోయాయి" అని తెలుగులోనే చెప్పి ఆయన చేతిలో పెట్టేశాడు. ఆయన చేతిలోని నాణేన్ని చూసుకుని, మావయ్యని చూసి, నన్ను చూశాడు. తరవాత ఆయన కూడా తల దించుకున్నాడు.

ఎవరో రిక్షా పిలిచి నన్ను ఎక్కించేశారు. నడుస్తానని చెప్పినా ఎవరూ వినలేదు. రిక్షా వెనకాలే మావయ్య కొత్తిమీర పట్టుకుని వచ్చాడు.

కబురు నాకంటే ముందే పేరంటానికి చేరింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య, తాంబూలం అందుకుంటుంటే ఎవరో అమ్మతో అన్నారట, మీ అమ్మాయి చేతిలో ఎవరో బిచ్చం వేశారటగా అని. అమ్మ ఇంటికి వస్తూనే పిన్నిని నిలదీసింది.

"నా పిల్లని బజార్న పడేసావు. మా పరువు తీసీసావు. నీకేటి హక్కుందే?"

"అక్కా, అది లేవడం నేర్చుకుంది. అక్కడ లేవనివ్వలేదు గానీ..."

"పడితే నలుగురూ చూస్తారు. అది చాలదా? నేను ఎత్తుకున్నంతకాలం దాన్నొక్కరూ చూళ్ళేదు!"

 అమ్మ తను అన్నదేమిటో అప్పుడే విన్నట్టు ఆగిపోయింది. నాన్న షిఫ్టు నుంచి వచ్చి, సంగతి విని, భోజనానికి కూచున్నాడు. కాలిపర్లు మళ్ళీ దుప్పట్లోకి వెళ్ళాయి. ఈసారి నాకూ అదే కావాలనిపించింది. కళ్ళు మూసుకుంటే అరచేతిలో చల్లటి నాణెం తగిలేది. మళ్ళీ వీధి మొహం చూడకూడదనుకున్నాను. పిన్ని అడిగినా తొడుక్కోలేదు. ఆమె బలవంతపెట్టలేదు. కొన్నాళ్ళకే నందినిలో క్వార్టరు దొరికింది. బాబాయీ పిన్నీ మావయ్యా సామాను లారీ ఎక్కి వెళ్ళిపోయారు. మళ్ళీ అమ్మ చంక. మళ్ళీ మధ్యాహ్నం నుంచి నీళ్ళు మానెయ్యడం.

వానాకాలం వెళ్ళేముందు ఒక పొద్దున్న, అమ్మ నన్ను పెరట్లోంచి మోసుకొస్తోంది. నాన్న డ్యూటీలో ఉన్నాడు. మామ్మ గుడికి వెళ్ళింది. నాచు మీద అమ్మ కాలు జారింది. నన్ను కాపాడబోయి తను వెల్లకిలా పడింది. నాకేం కాలేదు. అమ్మకి నడుం పట్టేసి కదల్లేకపోయింది. చీర మోకాళ్ళ పైదాకా జారింది, జుట్టు బురదలో ఉంది.

"పక్కింటి దీదీని పిలుస్తానమ్మా."

"వద్దు. ఎవర్నీ పిలవకు. ఇలగ చూస్తే ఏటనుకుంటారు? కాసేపాగితే నేనే లేస్తాను."

లేవలేకపోయింది. మళ్ళీ వాన మొదలైంది. అమ్మ మొహం మీద చినుకులు పడుతున్నాయి. నేను అమ్మ చీర కాళ్ళ మీదికి సర్ది, పక్క గోడదాకా పాకివెళ్ళి కేకలేశాను. దీదీ, వాళ్ళ మరిదిని వెంటపెట్టుకుని వచ్చింది. ఇద్దరూ అమ్మని చెరోవైపూ పట్టి లేపి మోసుకెళ్తుంటే, అమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ చేతుల కింద ఏముందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

అమ్మ పక్కమీద ఉన్నన్నాళ్ళు నేను పాకుతూనే నా పనులు చేసుకున్నాను, అమ్మకి మందులూ అందించాను. ఒక మధ్యాహ్నం నన్నే చూస్తూ, "నిన్నెత్తుకున్నప్పుడల్లా నీకలాగే ఉండీదా?" అని అడిగింది. అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ తలూపాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. లేచి నడవగలిగిన రోజున, నడుం పట్టుకుని స్టూలెక్కి తనే దుప్పటిమూట దింపింది.

చలి మొదలయ్యాక అమ్మా నేనూ సుపేలాలో బస్సెక్కి నందిని వెళ్ళాం. బస్సు దిగిన చోటినుంచి పిన్ని వాళ్ళ క్వార్టరు కాస్త దూరం. సున్నపురాయి దుమ్ముతో చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. మధ్యలో ఒకసారి పడ్డాను. ఒకతను సైకిలు ఆపి దిగబోతే, అమ్మ అతన్ని చేత్తో ఆపి, "రహనే దో భయ్యా, లేస్తుంది" అంది. లేచాను. పిన్ని గుమ్మంలోకి వచ్చి, ఎదురు రాకుండా అక్కడే నిలబడింది. మావయ్య మాత్రం ఆగలేక, "టకటక వస్తంది, అప్పా!" అని లోపలికీ బయటికీ పరుగులు పెట్టాడు.

ఇవన్నీ జరిగి ఎంతో కాలమైంది. మరుసటేడు నేను మళ్ళీ బడిలో చేరాను. మెట్లమీద కూచుని, ఒక్కొక్క మెట్టూ జరుగుతూ పైఅంతస్తుకి చేరేదాన్ని. చదువుకుని, ఉద్యోగం చేసి, ఒంటరిగా ఒక ఇంట్లో ఉండగలిగాను. మావయ్య నందిని బస్టాండు టీకొట్టులో గ్లాసులు కడిగే పనికి కుదిరాడు. పిన్ని ఇంటి వెనక గదిలో తన వంట తనే చేసుకుంటూ బతికినన్నాళ్ళు బతికాడు. అమ్మా లేదు, పిన్నీ లేదు. మా క్వార్టర్లో ఇప్పుడెవరున్నారో తెలీదు.

ఆ రోజు నందినిలో ధైర్యంగా నడిచానని చెప్పుకుంటే బాగుండేది. అలా ఏమీ లేదు. చప్పుడు విని గుమ్మాల్లోకి వచ్చిన ప్రతి మొహమూ నాకింకా గుర్తే. సిగ్గుతో చెవులు మండుతూనే ఉన్నాయి. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అమ్మ మొహమూ ఎర్రగా కందిపోయి ఉంది. నన్ను పట్టుకోవడానికి ముందుకు రాబోతున్న తన చేతుల్ని, వీపు వెనక ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకుని, నా వెనకే నడుస్తోంది.